సన్నన్నం తిన్న చేపలు

అతను పోయాడన్న సంగతి నాకు తలుపులు కొనడానికి వచ్చిన మనిషి చెప్పాడు. కొనడమన్నది అతని మాట. నేను ఇస్తున్నానని మాత్రమే అన్నాను. మా కచేరీ గది తలుపులు బర్మా టేకువి. కావలి దగ్గర కొత్తగా కడుతున్న చర్చికి బిగిస్తారట. దేవుడెవరైనా తలుపులు గట్టివి కావాలి కనుక నేను అభ్యంతరం చెప్పలేదు. ఆ మనిషి టేపు పెట్టి కొలుచుకుంటూ, "ఈ ఇంట్లో ఇట్టాంటి తలుపులుండాయని మా సంఘం పెద్దాయన చెప్పినాడండీ. చేపల డిపార్టుమెంటులో చేసి రిటైరైనాడు. పోయిన నెల ప్రభువు దగ్గరికి పోయినాడు" అన్నాడు.

పేరు కూడా చెప్పాడు. పేరు విన్నాక నాకేమీ గుర్తు రాలేదు. మా ఇంట్లో ఆ పేరు ఎవరూ ఎన్నడూ వాడలేదు. "కళ్ళు చూసే మనిషేనా?" అని అడిగాను. వచ్చినతను కొలవడం ఆపి నవ్వాడు. "ఆయనేనండీ. ఆఖర్లో ఆస్పత్రిలో డాక్టరు కళ్ళు గూడా చూసినాడు. నీకు నిద్ర చాల్లేదబ్బయ్యా, పోయి పడుకో అన్నాడంట."

అతనే. సందేహం లేదు.

మనుషులు ఎదురైతే లోకమంతా నమస్కారం పెడుతుంది. అతను ముందు దగ్గరికి వచ్చి, మెడ కొంచెం పక్కకు వంచి, ఎదుటివాడి కుడి కన్ను చూసేవాడు. తరువాత ఎడమ కన్ను. ఆ తనిఖీ పూర్తయ్యాకే చేతులు జోడించేవాడు. పొడుగాటి సన్నటి మనిషి, కొంగ మెడ, ఖాకీ నిక్కరు. మెడలో నల్లదారానికి చిన్న భూతద్దం వేలాడుతూ ఉండేది. అది కిరస్తానీల తాళి కాబోలని మా ఊరి ఆడవాళ్ళు కొన్నాళ్ళు అనుకున్నారు. మగవాడు తాళి కట్టుకోవలసి వచ్చిందంటే ఆ భార్య ఎలాంటిదో అని జాలిపడ్డారు కూడా.

మా కరణంగారి కళ్ళు చూసి, కామెర్లు వచ్చేటట్టున్నాయి జాగ్రత్త అన్నాడొకసారి. నిజంగానే వచ్చాయి. అప్పటినుంచి కరణంగారు అతను ఎదురుపడితే తల దించుకుని నడిచేవారు. ఆ తల అంతకుముందు మా నాయన ఎదుట కూడా దిగలేదు. అయితే అతను చెప్పినవన్నీ జరిగాయనుకోవద్దు. మా బర్రెకు దసరా లోపల చూపు పోతుందన్నాడు. దసరా వెళ్ళింది, సంక్రాంతీ వెళ్ళింది, ఆ బర్రె ఏ పొరపాటూ లేకుండా పక్కవాళ్ళ చేలోకి పోయి మేసి వస్తూనే ఉంది. ఆ మాట నేను గుర్తుచేస్తే అతను ఏమాత్రం చలించలేదు. "అది కళ్ళతో పోవడంలేదు చిన్నయ్యగారూ. వాసన పట్టుకుని పోతా ఉండాది" అన్నాడు.

చేపల శాఖలో పనిచేస్తూ చేప తినేవాడు కాదు. నెల్లూరు జిల్లాలో పుట్టి చేపల పులుసు వద్దన్న మనిషిని నేను అతన్నొక్కణ్ణే చూశాను. మొహం ఎరిగినవాళ్ళను ఎట్టా తినేదని అతని వాదన. చేపలను ఎప్పుడూ బహువచనంతో పిలిచేవాడు. పైఅధికారులను మాత్రం, వాళ్ళు లేనప్పుడు, ఏకవచనంతో సరిపెట్టేవాడు.

అతను మొదటిసారి మా ఇంటికి వచ్చింది యాభైల చివర్లో. జమీందారీలు రద్దయ్యాక ఎవరు దున్నుతున్న పొలాలు వాళ్ళవైపోయాయి. మాకు మిగిలినవి ఇల్లు, ఇంటి వెనక రాతిమెట్ల గుంట, మా నాయన కంఠస్వరం. మా ఇంటికి వచ్చేవాళ్ళు వీధి గేటు దగ్గర నిలబడి లోపలికి కబురు పంపడం ఆనవాయితీ. కబురు తీసుకువచ్చే నౌకరు లేకపోయినా ఆనవాయితీ అలాగే ఉంది. అతను గేటు దగ్గర ఆగలేదు. సైకిలు గోడకు ఆనించి, సరాసరి గుంట మెట్లు దిగి, దోసిట్లో నీళ్ళు తీసుకుని పుక్కిలించి ఉమ్మాడు. వెనక వరండాలో కూర్చున్న మా నాయన అది చూశారు. ఎవడా ఉమ్మేది అన్నారు. గుంటకు అవతల ఉన్న కాకులు లేచాయి.

అతను తాపీగా మెట్లెక్కి వచ్చి మా నాయన కళ్ళు చూశాడు. కుడిది, తరువాత ఎడమది. "నీళ్ళు బాగుండాయి అయ్యగారూ. రవ్వంత ఉప్పు తగుల్తా ఉండాది గానీ చేపలు బతుకుతారు" అన్నాడు, మేము ఆ సంగతి తెలుసుకోవడానికే అతన్ని పిలిపించినట్టు.

తనకు చేపలెందుకన్నారు మా నాయన. మీకెందుకు అయ్యగారూ, ఊరికి, అన్నాడతను. పెద్దింట్లో మొదలుపెట్టిందే కదా ఊళ్ళో నడిచేది, మీ గుంటలో వేస్తే రేపు ప్రతి రైతూ తన గుంటలో వేస్తాడు అన్నాడు. పెద్దిల్లు అన్న మాట మా ఇంటివైపు చూస్తూ ఎవరైనా అని చాలా ఏళ్ళయింది. మా నాయన మీసం సవరించుకున్నారు. ఆ మనిషికి కళ్ళే కాదు, ఇంకా కొన్ని చూడటం వచ్చునని నాకు అప్పుడే అర్థమైంది.

అతనికి మా గుంట ఎందుకు కావాలో తరువాత నాతో దాచకుండా చెప్పాడు. అతనిది తాత్కాలిక ఇన్‌స్పెక్టరు ఉద్యోగం. ప్రతి ఏడూ మార్చి ఆఖరుకు పోయేది, పైవాళ్ళకు దయ కలిగితే మళ్ళీ వచ్చేది. ఆ శాఖలో అలాంటివాళ్ళు చాలామంది ఉన్నారు. ఒక్క గుంటలో అయినా చేపలను పెంచి నలుగురికీ చూపించగలిగినవాడు పర్మనెంటు అవుతాడు, చూపించలేనివాడు ఇంటికి పోతాడు. ఇంటికి అంటే అతని విషయంలో కావలిలో మామగారి బీడీల కొట్టు. ఆ మామ ఇప్పటికే పెళ్ళాంబిడ్డల ఎదుట, మా అల్లుడు చేపలకు పిల్లిమొగ్గలు నేర్పిస్తా ఉండాడని అంటున్నాడట. "ఈ గుంట నిలబడితే నేను నిలబడతా చిన్నయ్యగారూ. లేకుంటే బీడీలకు దారం చుట్టుకోవాల్సిందే" అన్నాడు.

చేపపిల్లలు తడిగుడ్డ చుట్టిన కుండల్లో ఎడ్లబండి మీద వచ్చాయి. అతను కుండలు ఒక్కొక్కటే నీళ్ళలోకి వంచుతూ మాకు పరిచయం చేశాడు. వీళ్ళు బొచ్చెలు, పైనీళ్ళలో తిరుగుతారు. వీళ్ళు శీలావతులు, నడిమి నీళ్ళంటే ఇష్టం. మా నాయన కుర్చీలోంచే తల పంకించారు. దర్శనానికి వచ్చినవాళ్ళను అలాగే పలకరించేవారు వెనకటికి.

తరువాత మేత సంగతి వచ్చింది. తవుడూ వేరుశనగ చెక్కా కలిపి పొద్దునపూట ఒకే చోట వెయ్యమన్నాడు. సాయంత్రానికి మిగిలితే మర్నాడు తగ్గించమన్నాడు. మా నాయన ఆ మొదటి మాట దగ్గరే ఆగిపోయారు.

"తవుడా?" అన్నారు.

ఈ కాలం వాళ్ళకు ఇందులో ఏముందో తెలియకపోవచ్చు. ఆ రోజుల్లో మా గేటులోకి ఏం వస్తోందో, ఏం పోతోందో ఊరంతా కనిపెట్టి చూసేది. కొట్టంలో ఉన్నది ఒక్క బర్రె. అలాంటి ఇంట్లోకి తవుడు బస్తా వచ్చిందంటే అది ఎవరి కోసమో ఊరే నిర్ణయించేసేది. దివాణంలో తవుడు తింటున్నారట అన్న మాట పొద్దు గూకేలోగా కావలి బజారు చేరేది. మా నాయన అది పైకి అనలేదు. మా గుంటలో ఉన్నవాళ్ళు మేము తిన్నదే తింటారు అని మాత్రం అన్నారు. మేము తిన్నది మొలగొలుకుల సన్నబియ్యం. ఎంత పోయినా మా ఇంట్లో ముతకబియ్యం పొయ్యి ఎక్కలేదు. కూరలు తగ్గాయి, నెయ్యి తగ్గింది, మొలగొలుకులు మాత్రం మల్లెపూవుల్లాగే ఉడికాయి.

ఆ విధంగా మా చేపలకు సన్నన్నం అలవాటైంది. మా నాయన సాయంత్రం పూట ఉతికిన పంచె కట్టుకుని, గుంట మెట్ల మీద పేముకుర్చీ వేయించుకుని, ఇత్తడి పళ్ళెంలోంచి పిడికెళ్ళు పిడికెళ్ళు చల్లేవారు. నీళ్ళు నోళ్ళతో నిండిపోయేవి. చెప్పిన వేళకు వచ్చి, పెట్టింది తిని, ఎదురు చెప్పకుండా పోయే జనం ఆయనకు మళ్ళీ దొరికారు. కొందరిని ఆయన గుర్తుపట్టేవారు కూడా. ఆ పెద్ద బొచ్చెకు దురాశ ఎక్కువ, అచ్చం మన పాత అమీనులాగా, అనేవారు.

మన ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడల్లా అడ్డు చెప్పి చూశాడు. సన్నబియ్యం ఒళ్ళు పెంచుతుంది గానీ సత్తువ ఇవ్వదన్నాడు. మేమంతా అది తినే పెరిగామన్నారు మా నాయన. అతను మా నాయన కళ్ళు చూశాడు, నా కళ్ళు చూశాడు, ఏమీ అనకుండా సైకిలెక్కాడు. ఆ మౌనం నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు.

రెండో వేసవికి ఒకరోజు అతను గుంటలో విసురువల వేసి ఒక శీలావతిని పట్టాడు. తడిగుడ్డలో చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు పట్టుకుని, భూతద్దం దాని కంటి మీద పెట్టి చాలాసేపు చూశాడు. తరువాత నన్ను పిలిచాడు. నల్లగుడ్డు మధ్యలో తెల్లటి మచ్చ ఉంది. ఉడికిన మెతుకు ఒకటి వచ్చి అక్కడ అతుక్కున్నట్టుంది. రెండోసారి వల వేస్తే పడినవాటిలో కొన్నింటికి రెండు కళ్ళూ తెల్లబడ్డాయి. ఒకదాని కన్ను ఉబ్బి బయటికి పొంగింది.

మా నాయన వచ్చి చూశారు. అతను అన్నీ విడమరిచి చెప్పాడు. మిల్లులో పాలిషు పట్టి తవుడంతా తీసేశాక బియ్యంలో నిగనిగే మిగులుతుందట. కంటికి కావలసింది ఆ తవుడులోనే పోతుందట. పచ్చగడ్డి ఎరగని బర్రెకు పుట్టిన దూడ చూపు లేకుండా పుడుతుంది చూశారా అయ్యగారూ, ఇదీ అటువంటిదే అన్నాడు. ఇక తినగా మిగిలిన అన్నం అడుగున కుళ్ళి నీళ్ళలోని గాలిని తినేస్తుందట. తెల్లారగట్ల చేపలు పైకొచ్చి నోళ్ళు తెరిచేది ఆకలికి కాదు, ఊపిరికి. కన్ను ఉబ్బడం ఆ చెడ్డ నీళ్ళ పుణ్యం. తెల్లబడ్డ కన్ను మళ్ళీ నల్లబడదు, పోయిన చూపు పోయినట్టే, కానీ ఇంకా పోనివాళ్ళను నిలబెట్టుకోవచ్చు అన్నాడు. నావైపు తిరిగి, "వీళ్ళకు రెప్పల్లేవు చిన్నయ్యగారూ. మనకైతే నచ్చనిది ఎదురుగా ఉంటే కళ్ళు మూసుకునే సౌకర్యం ఉండాది. వీళ్ళకు అది గూడా లేదు" అన్నాడు.

తెల్లకన్నయితే ఏమైందన్నారు మా నాయన, తినేవాడు కన్ను తింటాడా అన్నారు. అప్పుడు అతను అసలు కష్టం చెప్పాడు. నెల్లూరు మార్కెట్టులో చేపను కొనేవాడు ముందు కన్ను చూస్తాడు. నిగనిగలాడితే తాజా, తెల్లబడితే పాతది. ఈ చేప బుట్టలో ఎగిరెగిరి పడుతున్నా సరే, దాని కన్ను చూసి కుళ్ళినదనే అంటారు. పైఆఫీసరూ అదే అంటాడు.

"బతికుండగానే పాతబడ్డాయన్నమాట" అన్నారు మా నాయన.

అతను చేపను నీళ్ళలోకి వదలడంలో మునిగిపోయాడు.

తవుడు ఎలా తేవాలన్న చిక్కును విప్పింది కూడా అతనే. నేను ఆ తెలివికి ఇప్పటికీ జోహారు చెబుతాను. మా నాయన ఆయుర్వేద వైద్యుడి కషాయాలు ఏళ్ళ తరబడి తాగినవారు. వైద్యుడు వేపచెక్క నమలమంటే నమిలారు, చప్పిడి తినమంటే తిన్నారు. పథ్యం అన్న మాట దగ్గర మా నాయనకు చిన్నతనం లేదు. అతను ఒక ఉదయం వచ్చి, అయ్యగారూ, చేపలకు జబ్బు చేసింది, మేత అలాగే ఉండనీండి, పథ్యం మాత్రం పెట్టాలి అన్నాడు. పథ్యం ఏమిటని మా నాయన అడిగారు. ధాన్యపు పైపొర, వేరుశనగ చెక్క, నానబెట్టి ముద్దలు చేసి ఇవ్వాలన్నాడు. ధాన్యపు పైపొర అంటే ఏమిటో మా నాయనకు తెలియదని నేననుకోను. కానీ ఆయన పంచాంగం తెప్పించారు. మంచిరోజు చూశారు. తవుడు మా గేటులోంచి ఇత్తడి గంగాళంలో, మీద పట్టుగుడ్డ కప్పుకుని వచ్చింది. దారిలో ఎవరో అడిగితే ఔషధమని చెప్పమన్నారు. మండలం రోజులు నియమం తప్పకూడదన్నారు. ఆ మండలంలో చేపలకు సన్నన్నం నిషిద్ధమని కూడా తామే శాసించారు. పథ్యం చేస్తుండగా ఇష్టమైనవి తినకూడదు కదా. అతను ఆ మాటకు తల వంచాడు. గేటు దాటాక సైకిలు మీద ఏదో కీర్తన ఎత్తుకున్నాడు, గట్టిగా.

మండలం తరువాత మరో మండలం అన్నాడు. తరువాత వదిలిన చేపపిల్లల కళ్ళు నల్లగా, తడిసిన నేరేడు గింజల్లా నిలిచాయి. సగం గెలిచాడు. మిగిలిన సగం నీళ్ళు.

మా గుంటకు నీళ్ళు రావలసిన కాలువ ఒక రైతు పొలం గుండా వస్తుంది. వెనకటికి ఆ పొలం మాది, ఆ రైతు మా కౌలుదారు. ఇప్పుడు పొలమూ తూమూ అతనివి. మంచివాడే. ఎదురుపడితే ఇప్పటికీ భుజం మీద తువ్వాలు తీసేవాడు. కానీ తూము ఎత్తడం దగ్గర ఒక చిన్న నియమం పెట్టుకున్నాడు. పెద్దాయన ఒక్క మాట అడగాలి. మన ఇన్‌స్పెక్టరు వెళ్ళి తాను అడుగుతున్నానన్నాడు. రైతు నవ్వి, "నీకిస్తే యాడ పోసుకుంటావు సారూ, సైకిలు మీదా?" అన్నాడట.

మా నాయనతో చెబితే, "మా తాతగారు తవ్వించిన కాలువలో నీళ్ళు నేను అడిగేదేమిటి?" అన్నారు. అడగకుంటే రావు అయ్యగారూ అన్నాడతను. అయితే రానక్కర్లేదన్నారు. ఈ విషయంలో చేపల అభిప్రాయం ఎవరూ తీసుకోలేదు.

మరుసటి ఏడు ఎండలు మొదలయ్యేసరికే గుంట తగ్గింది, ఉప్పదేలింది. అతను తెల్లవారేసరికి కావలి నుంచి వచ్చి, మొలలోతు నీళ్ళలో దిగి తాటిమట్టతో నీళ్ళు బాదేవాడు. గాలి కలవాలని. గట్టు మీద పోయేవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. చేపలను కొడుతున్నాడని కొందరు, కిరస్తానీలు బాప్తిస్మం ఇలాగే ఇస్తారని కొందరు. అతను బాదుతూనే వాళ్ళ కళ్ళు చూసి, ఆకుకూర తినవయ్యా అని ఒకడికి చెప్పి పంపేవాడు. పైఆఫీసరు గుంట చూడటానికి వస్తున్నాడని అప్పటికే కబురు వచ్చింది. మార్చి ఆఖరు దగ్గరపడింది. ఆ రోజుల్లో అతను కీర్తనలు పాడటం మానేశాడు. కీర్తన లేని సైకిలు మా వీధిలో వస్తుంటే నాకే వెలితిగా ఉండేది.

ఆఫీసరు జీపులో వచ్చాడు. నల్లకళ్ళద్దాలు పెట్టుకున్నాడు. మా ఇన్‌స్పెక్టరు అలవాటుగా మెడ వంచి చూసి, అక్కడ తన మొహమే తనకు కనిపించేసరికి దిక్కుతోచక నిలబడిపోయాడు. నమస్కారం పెట్టడం కూడా ఆలస్యమైంది. గట్టు నిండా ఊరు. తువ్వాలు చేతిలో పట్టుకుని కాలువ రైతూ ఉన్నాడు. మా నాయన పేముకుర్చీలో, ఉతికిన పంచెలో.

వల లాగారు. చిన్నవి మెరిశాయి. పెద్దవి గట్టు మీద పడ్డాయి. ఒకటి తరువాత ఒకటి తెల్లకళ్ళు. ఆఫీసరు బూటు మొనతో ఒక శీలావతిని తిప్పి, ఇదేమిటని అడిగాడు. మా ఇన్‌స్పెక్టరు మా వైపు చూడలేదు.

"నాదే తప్పు సార్. మేత సంగతి నేను సరిగ్గా చూసుకోలేదు" అన్నాడు.

నా పక్కన కుర్చీ కిర్రుమంది. మా నాయన లేచి నిలబడ్డారు.

"ఆ మాట అబద్ధం" అన్నారు. "తవుడు వెయ్యమని అతను మొదటిరోజే చెప్పినాడు. సన్నన్నం వేసింది నేను. నా గుంటలో జరిగిన పొరపాటు నాదవుతుంది గానీ, గవర్నమెంటు మనిషిది ఎట్లా అవుతుంది?"

గొంతు గుంట అవతలి దాకా వెళ్ళింది. అందులో పశ్చాత్తాపం ఉందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. పొలాలు పోయాయి, శిస్తు పోయింది. కనీసం పొరపాటు మీదైనా హక్కు వదులుకోనని ఆయన నలుగురిలో చెప్పారు, అంతే.

ఆఫీసరు కళ్ళద్దాలు తీసి మా నాయన వైపు చూశాడు. మరి నీళ్ళెందుకు మార్చలేదు, పక్కనే కాలువ పారుతోంది కదా అన్నాడు. మా ఇన్‌స్పెక్టరు తన కాళ్ళ దగ్గర నోరు తెరుస్తున్న చేపను చూస్తున్నాడు. ఆ ప్రశ్నకు జవాబు గట్టు మీద ఉన్న ప్రతివాడికీ తెలుసు. సన్నన్నం సంగతి చెప్పినంత దర్జాగా అది చెప్పడానికి వీల్లేదని కూడా తెలుసు.

మా నాయన తల తిప్పి రైతు వైపు చూశారు.

"ఏమయ్యా, ఆ తూము ఎత్తు" అన్నారు.

అది ఆజ్ఞ. వెనకటి ఆజ్ఞే, మాట కూడా వెనకటిదే. రైతు కదల్లేదు. తువ్వాలు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. చాలా మర్యాదగా, "అడిగినట్టేనా అయ్యగారూ?" అన్నాడు.

నేను నేల చూశాను. నేను చూడకపోయినా ఆ మాట వినపడింది.

"అడిగినట్టే."

రైతు తువ్వాలు భుజాన వేసుకుని తూము వైపు నడిచాడు. కాసేపటికి ఎర్రమట్టి నీళ్ళు గుంటలో పడటం మొదలైంది. వలలోంచి ఇంకా వదలని చేపలన్నీ ఆ వైపుకే తిరిగాయి, చూపున్నవీ లేనివీ కూడా.

జీపు వెళ్ళిపోయాక మా ఇన్‌స్పెక్టరు నన్ను పక్కకు పిలిచి, ఇంతకుముందెన్నడూ లేనంత కోపంగా మాట్లాడాడు. తన అబద్ధాన్ని మా నాయన పాడుచేశారట. తప్పు తన మీద వేసుకుంటే పోయేది ఒక్క ఉద్యోగం. పెద్దింటి మనిషిని నలుగురిలో నిలబెట్టి తప్పుపట్టించాడన్న పేరు వస్తే ఈ తాలూకాలో ఇంకే గేటూ తనకు తెరుచుకోదు, ఉద్యోగం ఉండి మాత్రం లాభమేమిటన్నాడు. పైగా ఆదివారం చర్చిలో ఒప్పుకోవడానికి ఒక మంచి పాపం కూడా సిద్ధం చేసుకున్నానని గొణిగాడు. మా నాయనను నీకు క్షమాపణ చెప్పమననా అని అడిగాను. వద్దులెండి అన్నాడు, ఆయనకు ఒక్కరోజులో ఇన్ని పనులు చెప్పకూడదు.

ఆఫీసరు పోయి ఏం రాశాడో తరువాత తెలిసింది. సాంకేతిక సలహా సరైనదేననీ, యజమాని దాన్ని పాటించలేదనీ, ఆ సంగతి యజమానే స్వయంగా అంగీకరించాడనీ రాశాడట. మా పూర్వులు చెరువులు తవ్వించారనీ, సత్రాలు కట్టించారనీ సర్కారు కాగితాల్లో ఉంది. వాటికింద మా వంశం గురించి సర్కారు చేర్చిన ఆఖరి మాట ఇది, చెప్పిన మాట వినని యజమాని అని. ఆ ఒక్క మాట మీద ఒక మనిషికి ఉద్యోగం ఖాయమైంది. మా వాళ్ళు రాసిచ్చిన మాన్యాలన్నీ రద్దయ్యాయి. ఇది మాత్రం రద్దు కాలేదు. ఆ మనిషి ఆ ఉద్యోగం మీదే ఇద్దరు కూతుళ్ళ పెళ్ళిళ్ళు చేసి, పెన్షను తీసుకుని, డాక్టరు కళ్ళు కూడా చూసి పోయాడు.

పర్మనెంటు చేసిన చేత్తోనే బదిలీ కూడా చేశారు. తాత్కాలికంగా ఉన్నంతకాలం అతను మాకు శాశ్వతంగా ఉన్నాడు, శాశ్వతం కాగానే వెళ్ళిపోయాడు. చెప్పిపోవడానికి ఒక ఉదయం వచ్చాడు. మా నాయన మెట్ల మీద కుర్చీలో ఉన్నారు. తవుడు ముద్దలు ఇప్పుడు ఆయనే వేస్తున్నారు, పట్టుగుడ్డ లేకుండా.

"పర్మనెంటు చేసినారు అయ్యగారూ. దొరవారిసత్రం వేసినారు" అన్నాడు. ఒక మెట్టు దిగి, "మీ మాట వల్లే అయింది" అన్నాడు.

మా నాయన చేతిలో ముద్ద నీళ్ళలోకి విడిచారు. నోళ్ళు వచ్చి దాన్ని చుట్టుకునేదాకా చూశారు.

"నేను నీకోసం చెప్పలేదయ్యా" అన్నారు.

"తెలుసు అయ్యగారూ" అన్నాడతను. "నాకోసం చెప్పుంటే వాళ్ళు నమ్మేవాళ్ళు కాదు."